రెండు చలిమంటలు



మీ ఇంట్లో రాత్రిపూట ఫ్యాను ఆపి ఎన్ని రోజులైంది? మా విచారణ గృహంలో పది రోజులు దాటింది. మొదటి రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చి, కాళ్ళ దగ్గర పడివున్న దుప్పటిని మెడదాకా లాక్కున్నాను. రెండోరోజు పడుకునే ముందే ఫ్యాను వేగం తగ్గించాను. మూడోరోజు అసలు వేయనే లేదు. మన సత్తెనపల్లి ప్రాంతానికి చలికాలం ఇలాగే వస్తుంది. వాకిట్లో చెప్పులు విడిచి, చప్పుడు చేయకుండా లోపలికి వచ్చి కూర్చునే చుట్టంలాగా వస్తుంది. వచ్చి నాలుగు రోజులైన తర్వాతగాని మనం పలకరించం.

శరదృతువు వెళుతూ హేమంతం అడుగుపెట్టే రోజులివి. బడిలో చదువుకున్న ఇంగ్లీషు పాఠాల్లో ఈ కాలం ఆకులు రాలే కాలం. మన నల్లరేగడి నేలకు మాత్రం ఇది పంట కళ్ళబడే కాలం. ముప్పాళ్ళ వైపు వెళ్ళినా, క్రోసూరు వైపు వెళ్ళినా రోడ్డుకు ఇరుపక్కలా పత్తికాయ పగిలి చేను తెల్లబడుతున్నది. మిరపతోటలో పచ్చని కాయల నడుమ అక్కడొకటి ఇక్కడొకటి ఎరుపెక్కుతున్నది. బజారులో సీతాఫలాల బుట్టలు చివరికొచ్చాయి. తేగల కట్టలు దిగుతున్నాయి. చిక్కుడుకాయ కూరకు మళ్ళీ రుచి వచ్చింది. ఇంకొన్నాళ్ళకు పచ్చి కందికాయలు ఉప్పువేసి ఉడకబెట్టుకొని, కుటుంబమంతా ఒక పళ్ళెం చుట్టూ చేరి ఒలుచుకుంటూ తినే సాయంత్రాలు వస్తాయి. ఆడపిల్లల జడల్లోకి ఊదారంగు డిసెంబరు పూలు వస్తాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట ఎండ కాచుకుంటూ కూర్చుంటుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు తుమ్మచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి.

మీరు గమనించారో లేదో, ఈ రోజుల్లో మన గుడిగంట ఎక్కువ దూరం వినిపిస్తుంది. వేసవిలో ఊరి పొలిమేరలోనే ఆగిపోయే త్రికాల జపం గంట ఇప్పుడు పక్క ఊరి పొలాల్లో ఉన్నవారికి కూడా వినబడుతుంది. ఇందులో మహిమ ఏమీ లేదు, కారణం ఉంది. మబ్బులేని రాత్రి నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది. నేలను ఆనుకొన్న గాలి చల్లబడుతుంది. ఆ పైనున్న గాలి దానికంటే వెచ్చగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి చెదిరిపోకుండా తిరిగి కిందికి వంగుతుంది. అదే చల్లదనానికి గాలిలోని తేమ గడ్డిమీద, పత్తి ఆకుమీద నీటిబొట్లుగా దిగుతుంది. మంచు దిగటానికీ, గంట దూరం వెళ్ళటానికీ కారణం ఒక్కటే. కారణం తెలిసినంత మాత్రాన నా సంతోషం తగ్గలేదు. ఉదయం అయిదున్నరకు గంట కొట్టినప్పుడు, ఇది ఎంత దూరం వెళుతున్నదో అనుకుంటూ ఒక నిమిషం నిలబడతాను.

ఇంతవరకు చదివి, ఫాదరుగారు ఈ వారం వాతావరణం గురించి రాస్తున్నారేమిటని మీరు అనుకోవచ్చు. నేను రాయదలచుకున్నది ఒక ప్రశ్న గురించి. ఈ నెల మొదట్లో ఒక తల్లి నన్ను అడిగిన ప్రశ్న అది.

నవంబరు 2 సకల మృతుల స్మరణ దినం. సుమారు వెయ్యి సంవత్సరాల కిందట క్లూనీ మఠాధిపతి పునీత ఓడిలో తన మఠాల్లో ప్రారంభించిన ఈ ఆచారం క్రమంగా శ్రీసభ అంతటా వ్యాపించింది. మన విచారణల్లో ఆ రోజు ఎలా ఉంటుందో మీకు చెప్పనవసరం లేదు. రెండురోజుల ముందే సమాధుల తోటలో గడ్డి చెక్కుతారు, సమాధులకు సున్నం వేస్తారు. ఆ సాయంత్రం బంతిపూలు, చేమంతులు, కొవ్వొత్తుల మైనం, సాంబ్రాణి, అప్పుడే చెక్కిన పచ్చిగడ్డి, ఈ వాసనలన్నీ కలిసిపోతాయి. చిన్నతనంలో మా నాయనమ్మ సమాధి దగ్గర పీల్చిన ఆ వాసన ఇప్పటికీ నాకు ఏడాదికొకసారి తిరిగి వస్తుంది.

ఈసారి నేను సమాధులను ఆశీర్వదిస్తూ వెళుతుంటే ఒక కొత్త సమాధి దగ్గర ఆమె ఆపింది. వయసు యాభైకి దగ్గర్లో ఉంటుంది. భర్త సంక్రాంతికి ముందు జబ్బుచేసి చనిపోయాడు. పక్కన కూతురు ఉంది.

"ఫాదరుగారూ, ఒక మాట అడగొచ్చాండీ?"

"అడుగమ్మా."

"మొన్న తెల్లారగట్ట చలేసి, వాకిట్లో నిరుటి పత్తికట్టె నాలుగు పుల్లలేసి మంట పెట్టానండి. టీ కాచుకొని ఆ మంట దగ్గర కూర్చుని తాగుతున్నా. ఉన్నట్టుండి ఎంతో హాయిగా అనిపించిందండి. ఈ పది నెలల్లో అంత హాయి నాకు లేదు. మరుక్షణమే గుండెలో కలుక్కుమంది. ఆయన ఈ మట్టిలో ఉంటే నాకు మంట వెచ్చగా ఉందా, టీ రుచిగా ఉందా అనిపించింది. గ్లాసు కింద పెట్టేశా. మళ్ళీ తాగలేకపోయా. నేను తప్పు చేశానంటారా?"

ఇది పాపసంకీర్తనంలో చెప్పిన మాట కాదు. నలుగురూ ఉండగా, కూతురి ఎదుట అడిగిన మాట. తన పేరూ ఊరూ చెప్పకుండా రాయటానికి ఆమె నాకు అనుమతి ఇచ్చింది. ఆ సాయంత్రం నేను తీర్థం చల్లి, "ఆలోచించి చెబుతానమ్మా" అన్నాను. ఆమె తల ఊపింది. నేను ముందుకు వెళ్ళానే గాని నా మనసు అక్కడే ఆగిపోయింది.

ఎందుకంటే ఈ ప్రశ్నకు నోటికి వచ్చే సమాధానాలు రెండున్నాయి. రెండూ తప్పే. మొదటిది, "అదేముందమ్మా, బతికున్నవాళ్ళు బతకాలి గదా" అనటం. ఇది ఓదార్పులాగే ఉంటుంది గాని ఆమె బాధను పక్కకు నెట్టేస్తుంది. చనిపోయిన మనిషి వెళ్ళిపోయినట్టే, ఇక లెక్కలో లేడని చెప్పినట్టవుతుంది. రెండోది, "ఈ లోక సుఖాలు మాయ, వాటి మీద మనసు పెట్టకూడదు" అనటం. ఇది భక్తిమాటలాగే ఉంటుంది. కానీ ఇందులో సృష్టికర్తను అవమానించటం ఉంది.

తత్వశాస్త్రం చదివినవాడికి ఒక చెడ్డ అలవాటు ఉంటుంది. ఎంత చిన్న ప్రశ్న అడిగినా పాత పుస్తకం దుమ్ము దులుపుతాడు. నేనూ దులిపాను. నాలుగో శతాబ్దంలో పుట్టిన పునీత అగస్తీను యౌవనంలో సుమారు తొమ్మిది సంవత్సరాలు మానికేయుల వెంట తిరిగాడు. శరీరం, మట్టి, పదార్థం, ఇవన్నీ చీకటి శక్తికి సంబంధించినవని వారి బోధ. తర్వాత ఆయన ఆ బోధను విడిచి 387లో జ్ఞానస్నానం పొందాడు. అయినా తన జీవితకథగా రాసిన 'ఒప్పుకోలు' గ్రంథం పదో భాగంలో తన ఇంద్రియాలను ఒక్కొక్కటిగా పరీక్షకు నిలబెట్టాడు. స్పర్శ, రుచి, వాసన, వినికిడి, చూపు, దేన్నీ వదల్లేదు. చివరికి దేవాలయంలో పాడే పాటలు చెవికి ఇంపుగా ఉండటం కూడా ఆయనకు అనుమానమే అయింది. పాటలోని అర్థం కంటే రాగమే నన్ను ఎక్కువగా లాగుతున్నదేమోనని భయపడ్డాడు. కానీ విశ్వాసంలోకి తిరిగి వచ్చిన తొలిరోజుల్లో ఆ పాటలు వింటూ తాను కార్చిన కన్నీళ్ళు ఆయనకు గుర్తుకొచ్చాయి. అందువల్ల పాట ఉండవలసిందేనన్న అభిప్రాయానికే మొగ్గు చూపాడు. చెవికి కలిగిన ఇంపు ఆయనను దేవుని దగ్గరికే తీసుకొచ్చింది గదా!

పదమూడో శతాబ్దపు పునీత తోమాస్ అక్వినాస్ మరో అడుగు ముందుకు వేశాడు. మితము అనే సుగుణానికి ఎదురుగా రెండు దోషాలు ఉన్నాయని ఆయన చెప్పాడు. ఒకటి మితిమీరిన సుఖాసక్తి. ఇది మనకందరికీ తెలిసిందే. రెండోది, ఏ సుఖమూ పట్టని మొద్దుతనం. దీన్ని కూడా ఆయన దోషంగానే లెక్కపెట్టాడు. దేవుని కోసమో, పొరుగువాని మేలు కోసమో ఉపవాసం ఉండటం వేరు. దేవుడు పెట్టిన రుచిని రుచి కాదనటం వేరు. అంతేకాదు, దుఃఖానికి మందులేమిటని అడిగి ఆయన ఒక పట్టిక ఇచ్చాడు. సంతోషం, కన్నీళ్ళు, మిత్రుల సానుభూతి, సత్యాన్ని ధ్యానించటం, వీటితోపాటు నిద్ర, స్నానం! గురువిద్యాలయంలో ఇది మొదటిసారి విన్నప్పుడు మేమంతా నవ్వాం. ఇంత పెద్ద వేదాంతి వేడినీళ్ళ స్నానం గురించి రాశాడేమిటని. ఇరవై ఏళ్ళుగా చావు ఇళ్ళకు వెళ్ళి వస్తున్న తర్వాత ఇప్పుడు నవ్వటం లేదు. చనిపోయినవారి ఇంట్లో మూడోరోజున ఎవరో ఒక పొరుగింటి వదినె వచ్చి, కుమిలిపోతున్న మనిషిని లేపి, తలకు నీళ్ళు పోసి, నాలుగు ముద్దలు తినిపిస్తుంది. ఆమె అక్వినాసును చదవలేదు గాని ఆయన చెప్పిందే చేస్తున్నది.

నా సొంత అనుభవం ఒకటి చెప్పనివ్వండి. 2021లో కరోనా వచ్చినప్పుడు మీలో చాలామందిలాగే నాకూ వాసన పోయింది. సాంబ్రాణి వేసినా వాసన లేదు. పచ్చడి కలిపినా చప్పగా ఉంది. కొన్ని వారాల తర్వాత ఒకరోజు మధ్యాహ్నం వంటగదిలో ఎండుమిరపకాయల తాలింపు ఘాటు ముక్కుకు తగిలి మూడుసార్లు తుమ్మాను. ఆ తుమ్ములకు నేను చెప్పినంత కృతజ్ఞతాస్తుతి ఎన్నో ప్రార్థనలకు కూడా చెప్పలేదు. అది నా ముక్కే అయినా అందులోని వాసన నాది కాదని, రోజూ కొత్తగా అందుతున్న దానమని ఆ రోజు తెలిసింది.

కాబట్టి ఆ తల్లికి టీ రుచిగా అనిపించటం తప్పు కాదు. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు తాను చేసిన ప్రతి దానినీ చూసి బాగున్నదని అనుకున్నాడు. ఆయన బాగున్నదన్న దానిని మనం కూడా బాగున్నదనటం పాపమెలా అవుతుంది?

సమాధానం ఇక్కడితో ముగిసిందనుకొని సంతోషించాను. కానీ మర్నాటి ఉదయమే నాకు ఇంకొక పాఠం ఎదురైంది.

పూజ ముగించుకొని కాఫీ గ్లాసుతో వరండాలో నిలబడ్డాను. పొగమంచు ఇంకా విడలేదు. ఎదుటి వేపచెట్టు సగమే కనబడుతున్నది. గ్లాసు వేడి అరచేతులకు తగులుతున్నది. రోడ్డు మీద పత్తి తీతకు వెళ్ళే ఆడవాళ్ళతో కిక్కిరిసిన ఆటో ఆగింది. అందులో మన విచారణకు చెందిన ఒకామె దిగి, ఇంట్లో జ్వరంగా ఉన్న మనవడి కోసం ప్రార్థించమని అడగటానికి వచ్చింది. నేను ఊరికే ఉండలేక, "మంచు ఎంత బాగుందో చూశావా అమ్మా" అన్నాను. ఆమె నవ్వింది. "మీకు చూడ్డానికి బాగుంటుంది ఫాదరుగారూ. మాకు మోకాళ్ళదాకా చీర తడిసి, మధ్యాహ్నం దాకా ఆరదండి" అంది. అందులో నిష్ఠూరమేమీ లేదు. మామూలుగా అన్న మాటే. ఆటో హారన్ కొడితే వెళ్ళిపోయింది.

ఆమె చేతివేళ్ళు నేను చూశాను. పగిలిన పత్తికాయ తొక్క కొసలు ఎండి ముల్లులా గుచ్చుకుంటాయి. రోజంతా తీస్తే గోళ్ళ చుట్టూ చర్మం చీరుకుపోతుంది. మంచు ఆరకముందు తీస్తే పత్తిలో తేమ పెరుగుతుంది. పత్తి సంస్థ కొనుగోలు కేంద్రంలో 8 శాతం తేమ వరకే పూర్తి మద్దతు ధర. ఆపైన తేమ పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది. 12 శాతం దాటితే కొనరు. మంచు ఆరేదాకా ఆగుదామంటే పొద్దు చాలదు. డిసెంబరు మూడో వారానికి మన ప్రాంతంలో పగలు పదకొండు గంటలకు కొంచెమే ఎక్కువ ఉంటుంది. జూన్ నెల పగటితో పోలిస్తే సుమారు రెండు గంటలు తక్కువ. నేను వరండాలో చూసి ఆనందించిన అదే నీటిబొట్టు ఆమె కాళ్ళకు చలి, రైతు తూకానికి తరుగు.

ఈ కాలం మనకు ఎంత మెత్తగా ఉంటుందో అంత భయంగానూ ఉంటుంది. పెద్దవాళ్ళు 1977 నవంబరు 19ని మరిచిపోలేదు. దివిసీమను ముంచిన ఆ ఉప్పెనలో వేలాదిమంది ప్రాణాలు పోయాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేతికొచ్చిన పంట కళ్ళముందే నీటిపాలైన ఇళ్ళు మన విచారణల్లోనే ఉన్నాయి. ఆకాశం నిర్మలంగా ఉంటే మనం అందంగా ఉందనుకుంటాం. రైతు ఇంకా ఎన్నిరోజులు ఇలా ఉంటుందోనని దాన్ని చూస్తాడు. ఇక కొద్దిరోజుల్లో మిరపకోతలకు కర్నూలు పడమటి ప్రాంతాల నుండి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుండి కుటుంబాలు పిల్లాపాపలతో వస్తాయి. పొలాల గట్ల మీద పట్టాలు కట్టుకొని ఉంటాయి. రాత్రి రోడ్డు మీద వెళుతుంటే వారి చలిమంటలు వరుసగా కనిపిస్తాయి. దూరం నుండి చూస్తే ఆ దృశ్యం చాలా బాగుంటుంది. దగ్గరికి వెళితే మంట చుట్టూ చెప్పుల్లేని పసిపాదాలు కనిపిస్తాయి.

అప్పుడు నా ప్రశ్న మారింది. సుఖం తప్పా ఒప్పా అనేది ఒక్కటే చూస్తే సరిపోదు. ఒకే మంట దగ్గర ఇద్దరు కూర్చుంటే, ఒకరిది కృతజ్ఞత, మరొకరిది ద్రోహం ఎలా అవుతుంది?

దీనికి సమాధానం నాకు యోహాను సువార్తలో దొరికింది. ఈ సువార్తలో రెండు బొగ్గులమంటలు ఉన్నాయి. మూలభాషయైన గ్రీకులో ఈ రెండుచోట్లా ఒకే మాట వాడబడింది. నూతన నిబంధన మొత్తంలో ఆ మాట ఈ రెండుచోట్ల తప్ప ఇంకెక్కడా లేదు.

మొదటి మంట పద్దెనిమిదో అధ్యాయంలో, ప్రధానార్చకుని ఇంటి ముంగిట ఉంది. అది చలిరాత్రి. సేవకులు, బంట్రోతులు మంట వేసుకొని కాచుకుంటున్నారు. పేతురు కూడా వారితో నిలబడి కాచుకుంటున్నాడు. చలివేస్తే మంట కాచుకోవటం తప్పా? కానేకాదు. అయితే ఆ గోడకు అవతల ఆయన ప్రభువును బంధించి విచారిస్తున్నారు. మంట దగ్గర ఉన్నవారు నీవు ఆయన శిష్యుడివేనా అని అడిగితే, కాదన్నాడు. ఆ వెచ్చదనంలో నిలబడి ఉండటానికి ఆయన చెల్లించిన ధర అది. చేతులు వెచ్చబడ్డాయి గాని, తనవానిని తనవాడు కాదన్నాడు.

రెండో మంట ఇరవై ఒకటో అధ్యాయంలో, తిబేరియా సరస్సు ఒడ్డున ఉంది. రాత్రంతా వలలు వేసి ఏమీ దొరక్క శిష్యులు అలసిపోయారు. తెల్లవారుతున్నది. ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నారు. ఆయన ప్రభువేనని తెలియగానే పేతురు నీళ్ళలోకి దూకాడు. తడిసిన బట్టలతో ఒడ్డుకు చేరేసరికి అక్కడ మంట సిద్ధంగా ఉంది. దానిమీద చేప, పక్కన రొట్టె. మరణాన్ని జయించిన దేవుని కుమారుడు ఆ ఉదయం చేసిన పని ఏమిటో చూడండి. మంట వేశాడు, వంట చేశాడు! మీరు పట్టిన చేపల్లో కొన్ని కూడా తెమ్మన్నాడు. కూర్చోబెట్టి వడ్డించాడు. వారు తిన్న తర్వాతనే పేతురును, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ తన మందను అప్పగించాడు.

పాఠకులారా, రెండుచోట్లా మంట ఒకటే. వెచ్చదనం ఒకటే. చలికి వణికిన శరీరం కూడా ఒకటే. తేడా ఎక్కడుందంటే, మొదటి మంట దగ్గర పేతురు బాధపడుతున్నవానిని ఎరగనన్నాడు. రెండో మంట దగ్గర ప్రేమిస్తున్నానన్నాడు. గోడ అవతల ఉన్న మనిషిని మరిచిపొమ్మని అడిగే సుఖం ఏదైనా సరే, అది మొదటి మంట. మనిషిని గుర్తుచేసి, దగ్గరికి పిలిచి, చేతిలో ఉన్నది పంచుకొమ్మనే సుఖం రెండో మంట. మన చేతిలోని టీ గ్లాసు ఈ రెంటిలో దేని పక్కన ఉందో ఎవరికి వారు చూసుకోవలసిందే.

ఆ ఉదయం వరండాలో నేను నిలబడింది ఏ మంట దగ్గరో నాకు తెలుసు. నేను చెడ్డపని ఏమీ చేయలేదు. చూడవలసినదానిలో సగమే చూశాను. మంచును చూశాను గాని మంచులో నడిచేవారి పాదాలను చూడలేదు. ఇంద్రియాలను అదుపులో పెట్టుకోవాలని గురువులమైన మేము తరచుగా ప్రసంగిస్తాం. నిజమే. కానీ మనలో చాలామంది ఇంద్రియాలకు లోపించింది అదుపు కంటే మెలకువ అని ఇప్పుడు నాకు అనిపిస్తున్నది. అవి పూర్తిగా మేలుకుంటే వేపచెట్టూ కనబడుతుంది, ఆటోలో ఇరుక్కున్నవారూ కనబడతారు. గంటా వినబడుతుంది, పక్కింట్లో దగ్గూ వినబడుతుంది.

తర్వాతి ఆదివారం పూజ అయ్యాక ఆ తల్లి గుడి మెట్ల దగ్గర కనిపించింది. నేను చదివిన పుస్తకాల సంగతి చెప్పలేదు. "అమ్మా, ఆ రోజు మంట దగ్గర కూర్చున్నప్పుడు మీ ఆయన గుర్తుకు రాలేదా?" అని అడిగాను. "అయ్యో, ఎందుకు రాడండీ! ఆ కట్టె ఆయన పీకి మోపులు కట్టి పెట్టి వెళ్ళిందేగా" అంది. మాట పూర్తికాకముందే ఆమెకు కన్నీళ్ళొచ్చాయి.

నాకు తెలియని సంగతి అది. పత్తిచేను ఖాళీ అయ్యాక కట్టె పీకి, మోపులు కట్టి, చావిడి పక్కన పేర్చిపెట్టటం మన రైతు ఇళ్ళలో ఏటా జరిగే పనే. నిరుడు ఆ మనిషి పేర్చిన మోపులు ఈ చలికాలంలో ఆయన భార్యను వెచ్చగా ఉంచుతున్నాయి. ఆమె ఆ మంట దగ్గర ఆయనను మరిచిపోలేదు. ఆయన ఆమె కోసం చేసి వెళ్ళిన పనిని అందుకుంటున్నది.

"అయితే ఆ టీ పూర్తిగా తాగమ్మా. ఆయన పేరు తలచుకొని, దేవునికి వందనం చెప్పి తాగు" అన్నాను. "ఒంటరిగా తాగబుద్ధి కాదండి" అంది. "మరి పక్కింటి వాళ్ళెవరినైనా పిలువు" అన్నాను. పక్కనే ఉన్న కూతురు, "పిలుస్తుందిలెండి, నేను చూసుకుంటా" అంది.

ఇంకొద్ది రోజుల్లో ఆగమన కాలం ప్రారంభమవుతుంది. మన బలిపీఠం మీద ఊదారంగు వస్త్రం పరుస్తాం. మీ పెరట్లో డిసెంబరు పూలు కూడా అదే రంగులో పూస్తాయి. ఎదురుచూపుకు, పశ్చాత్తాపానికి గుర్తుగా శ్రీసభ ఆ రంగును ఎన్నుకున్నది. చలిరోజుల్లో దేవుడు దాన్ని మన కంచెల మీదే పూయిస్తున్నాడు. క్రిస్మసు నాటికి నక్షత్రం కట్టటం, పశువులపాక పేర్చటం, కొత్తబట్టలు కుట్టించటం, వీటికి మనం ముందుగానే సిద్ధపడతాం. ఈసారి వాటితోపాటు చిన్న అభ్యాసాలు మూడు మీ కుటుంబంలో చేసి చూడండి.

మొదటిది, ఉదయం ప్రార్థనలో ఆ రోజు మీ ఇంద్రియాలకు అందిన ఒక మంచి సంగతిని పేరుపెట్టి చెప్పి దేవునికి కృతజ్ఞత తెలపండి. పిల్లలచేత కూడా చెప్పించండి. "అన్నిటికీ వందనాలు" అని టూకీగా ముగించకుండా, వేడినీళ్ళు బాగున్నాయని, జామకాయ తియ్యగా ఉందని, దుప్పటి వెచ్చగా ఉందని చెప్పనివ్వండి. రెండోది, ఆ సుఖం వెనుక ఎవరి చెయ్యి ఉందో ఒక్కసారి ఆలోచించండి. ఆ దుప్పటిలోని పత్తిని ఎవరో ఒకామె వేళ్ళు గీరుకుపోతుండగా తీసింది. ఆమె కోసం ఒక మంగళవార్త జపం చెప్పండి. ఆమె మీ వీధిలోనే ఉంటే, ఆమె కూలి మీ దగ్గర బాకీ ఉంటే, జపానికంటే ముందు కూలి ఇవ్వండి. మూడోది, ఈ ఏడాది మనిషిని పోగొట్టుకొన్న ఇల్లు మీ వీధిలో ఒకటైనా ఉంటుంది. ఒక ఉదయం టీ తీసుకొని వెళ్ళి వారితో కూర్చోండి. పెద్ద మాటలేమీ చెప్పనక్కరలేదు. పోయినవారి పేరు పలకండి, చాలు.

పుష్యమాసానికి పూసంత వేసవి అని మన పెద్దలు అంటారు. అంటే ఈ చల్లని రోజులు ఎన్నో లేవు. సంక్రాంతి దాటితే ఎండ మొదలవుతుంది, మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు బారులు తీరుతాయి, మనం మళ్ళీ ఫ్యాను వేసుకుంటాం. ఉన్న ఈ కొద్దిరోజులను మనకిచ్చినవాడు ఒక తెల్లవారుజామున సరస్సు ఒడ్డున తానే మంటవేసి, తన స్నేహితుల కోసం ఎదురుచూసినవాడు. రేపు ఉదయం మీ వాకిట్లో మంట వేసుకున్నప్పుడు పక్కన ఇంకొక పీట వేయండి. రోడ్డున పోయేవారెవరైనా చలికి ఆగితే, రమ్మని పిలవండి.